ఒక్క రోజు, మూడు కనుమలు: ఇంటర్‌లాకెన్ నుంచి గ్రిమ్సెల్, ఫుర్కా, సూస్టెన్ కారులో చుట్టి రావడం ఎలా

స్విట్జర్లాండ్ వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది రైలు పాస్ కొనుక్కుని తిరుగుతారు. అది మంచి పద్ధతే. కానీ ఒక్క రోజుకైనా కారు అద్దెకు తీసుకోవాలంటే అందుకు తగిన దారి ఇది. ఇంటర్‌లాకెన్‌లో బయలుదేరి ఇన్నర్ట్‌కిర్షెన్ చేరి, అక్కడి నుంచి గ్రిమ్సెల్ (2164 మీటర్లు), ఫుర్కా (2429), సూస్టెన్ (2224) కనుమలు దాటి మళ్లీ ఇన్నర్ట్‌కిర్షెన్‌కే వస్తారు. ఈ చుట్టు సుమారు 120 కిలోమీటర్లు, ఇంటర్‌లాకెన్ నుంచి రానుపోను మరో 70. మొత్తం 190 కిలోమీటర్లే అయినా స్టీరింగ్ ముందు నాలుగున్నర నుంచి ఐదు గంటలు గడుస్తాయి. ఆగిన సమయం కలిపితే పది, పదకొండు గంటల రోజు. కనుమల మీద టోల్ లేదు. నూరు కిలోమీటర్లకు ఏడు లీటర్లు తాగే కారుకు 13, 14 లీటర్ల పెట్రోలు చాలు.

ఈ రోజు చెడిందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, ఆగాల్సిన చోట్లు ముందే ఎంచుకోకపోవడం. ప్రతి మలుపులోనూ ఫొటోకి ఆగితే మధ్యాహ్నం రెండింటికి ఇంకా ఫుర్కా దగ్గరే ఉంటారు. అసలు అందమైన సూస్టెన్‌ని చీకట్లో, అలసటతో దాటాల్సి వస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కడ ఆగాలో చెప్పినంత గట్టిగా ఎక్కడ ఆగకూడదో కూడా చెప్పాం.

ఎప్పుడు వెళ్లాలి

ఈ మూడు కనుమలూ చలికాలమంతా మంచు కింద మూసి ఉంటాయి. మామూలుగా జూన్‌లో తెరుచుకుంటాయి, అక్టోబరులో గానీ ఆ తర్వాత గానీ మూతపడతాయి. ఖచ్చితమైన తేదీ ఏటా మారుతుంది. మే చివర్లో టికెట్లు బుక్ చేసుకుని ఈ చుట్టు మీద ఆశ పెట్టుకోవద్దు. జూన్ చివరి నుంచి సెప్టెంబరు వరకు నమ్మకంగా వెళ్లొచ్చు, కానీ జులైలో కూడా ఒక రాత్రి మంచు పడి ఉదయం రోడ్డు మూసేయడం జరుగుతుంది.

ముందురోజు రాత్రి, బయలుదేరే ఉదయం రెండుసార్లూ కనుమల పరిస్థితి ఇంటర్నెట్‌లో చూసుకోండి. స్విస్ మోటారు క్లబ్బు టీసీఎస్ తన యాప్‌లో ఏది తెరిచి ఉందో చూపిస్తుంది. కనుమల మీది వెబ్‌క్యామ్‌లు ఇంకా మేలు, ఎందుకంటే ‘తెరిచి ఉంది’ అన్నంత మాత్రాన పైన మేఘం లేదని కాదు. రోడ్డు మొదట్లో కనుమ పేరుతో బోర్డు ఉంటుంది. ఆకుపచ్చ మీద ‘ఓఫెన్’ అంటే వెళ్లొచ్చు, ఎరుపు మీద ‘గెష్లోసెన్’ అంటే మూశారు. ఎర్ర బోర్డు దాటి కొంతదూరం వెళ్లి చూద్దామనుకోవద్దు.

మంగళ, బుధ, గురువారాలు మంచివి. ఎండ కాసే శని, ఆదివారాల్లో యూరప్ మోటారుసైకిళ్లన్నీ ఇక్కడే ఉన్నట్టుంటుంది. వేసవిలో కొన్ని రోజులు సైకిల్ పోటీల కోసం కనుమల్ని పూర్తిగా మూసేస్తారు కూడా, అదీ చూసుకోండి.

కాగితాలు, కారు

ఇండియా లైసెన్సుతో వెళ్లేవారు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లాలి. మీ ఆర్టీవో కార్యాలయానికి సారథి పోర్టల్‌లో ఫారం 4ఎ ద్వారా దరఖాస్తు చేయాలి. ఫీజు 1000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. పర్మిట్ ఒక్కటే ఉంటే చాలదు, అసలు లైసెన్సు కార్డు కూడా చేతిలో ఉండాలి. ఫోన్‌లో డిజిలాకర్ చూపిస్తే అద్దె కౌంటర్‌లో ఒప్పుకోరు. అమెరికా నుంచి వెళ్లే తెలుగువాళ్లు అక్కడి మోటారు క్లబ్బు ట్రిపుల్ ఏ కార్యాలయంలో పర్మిట్ తీసుకోవచ్చు.

కౌంటర్‌లో మన వాళ్లకు తగిలే మొదటి దెబ్బ క్రెడిట్ కార్డు. అది డ్రైవరు పేరు మీదే ఉండాలి, పిన్ గుర్తుండాలి, డిపాజిట్ కింద కొన్ని వందల నుంచి వేయి ఫ్రాంకుల పైన ఆపి ఉంచేంత లిమిట్ ఉండాలి. భర్త నడుపుతూ భార్య కార్డు ఇస్తే కారు ఇవ్వకపోవచ్చు. డెబిట్, ఫోరెక్స్ కార్డుల్ని చాలా చోట్ల తీసుకోరు.

బుకింగ్ చేసేటప్పుడే ‘ఆటోమేటిక్’ అని ఎంచుకోండి. యూరప్‌లో చవకగా దొరికేది మాన్యువల్. ఎడమ వైపు కూర్చుని, కుడిచేత్తో గేర్లు మారుస్తూ, తొలిరోజే హెయిర్‌పిన్‌లు ఎక్కడం పరీక్షే. కొన్ని ఫ్రాంకులు ఆదా చేయాల్సిన చోటు ఇది కాదు. నలుగురికి మధ్యరకం కారు చాలు. ఏడు సీట్ల బండి ఫుర్కా తూర్పు వైపు ఇరుకు రోడ్డులో మీకే భారమవుతుంది. 12 ఏళ్ల లోపు, 150 సెంటీమీటర్ల కన్నా పొట్టి పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి, దాన్నీ ముందే అడగండి.

ఇన్సూరెన్స్‌లో టైర్లు, అద్దం, బండి అడుగుభాగం చాలాసార్లు కవర్ కావు. కొండరోడ్డులో దెబ్బతినేవి సరిగ్గా అవే, రాతిగట్టుకు చక్రం రాసుకుంటుంది, చిన్నరాయి ఎగిరి అద్దానికి తగులుతుంది. అవి చేరిన ప్యాకేజీ తీసుకోండి. కారు చుట్టూ, నాలుగు చక్రాల రిమ్‌లతో సహా వీడియో తీసుకోండి.

హైవేలకు 40 ఫ్రాంకుల వార్షిక విన్యెట్, అంటే హైవే వాడటానికి కట్టే రుసుము చీటీ, కావాలి. స్విట్జర్లాండ్‌లో తీసుకున్న అద్దె కారుకు అది ఉంటుంది. జర్మనీ, ఇటలీ, ఫ్రాన్స్‌లో తీసుకున్న కారుకు మామూలుగా ఉండదు. లేకుండా దొరికితే 200 ఫ్రాంకుల జరిమానా, పైగా విన్యెట్ కూడా కొనాలి.

కుడివైపు నడపడం: మొదటి అరగంట

కనుమల రోజే కారు తీసుకుని నేరుగా కొండెక్కొద్దు. ముందురోజు సాయంత్రం తీసుకుని తున్ సరస్సు ఒడ్డున అరగంట నడపండి. ఎడమ భుజం ఎప్పుడూ రోడ్డు మధ్యగీత వైపు ఉండాలి, అంతే సూత్రం. కుడికి తిరిగేటప్పుడు చిన్న మలుపు, ఎడమకు తిరిగేటప్పుడు పెద్ద మలుపు. మనవాళ్లు తప్పు లేన్‌లోకి వెళ్లేది రద్దీలో కాదు, ముందు వెనుక ఒక్క బండీ లేని ఖాళీ రోడ్డులో. పెట్రోలు బంకు, పార్కింగ్ నుంచి బయటికొచ్చే క్షణం అన్నిటికన్నా ప్రమాదం. పక్కన కూర్చున్నవారు ప్రతిసారీ ‘కుడి’ అని పైకి చెప్పాలి, నవ్వులాటగా అనిపించినా సరే.

ఇండికేటరు కాడ ఎడమవైపు ఉంటుంది. అలవాటుకొద్దీ కుడిదాన్ని కదిపితే వైపర్లు ఆడతాయి. తొలిరోజు అందరికీ జరుగుతుంది, కంగారుపడి రోడ్డు మీద నుంచి చూపు తిప్పకండి.

రౌండబౌట్‌లో లోపల తిరుగుతున్న బండికే హక్కు, అది మీ ఎడమవైపు నుంచి వస్తుంది. బోర్డూ గీతా లేని ఊరి కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. జీబ్రా గీతల దగ్గర మనిషి నిలబడి ఉంటే ఆగాల్సిందే. పగలు కూడా లైట్లు వెలగాలి. ‘ఆటో’లో పెడితే ఎండలో కొన్ని కార్లు పగటి లైటుకి మారిపోయి, సొరంగంలో ఆలస్యంగా వెలుగుతాయి. లో బీమ్ చేత్తో వేసి వదిలేయండి.

వేగం ఊళ్లో 50, ఊరి బయట 80, హైవే మీద 120. ఊళ్లో 5 కిలోమీటర్ల దాకా మించితే జరిమానా 40 ఫ్రాంకులు, 6 నుంచి 10 మించితే 120, 11 నుంచి 15 మించితే 250. కెమెరాల గురించి హెచ్చరించే యాప్‌లు వాడటం ఇక్కడ చట్టవిరుద్ధం, నావిగేషన్‌లో ఆ సదుపాయం ఆపేయండి.

నావిగేషన్ ఎలా పెట్టాలి

గూగుల్ మ్యాప్స్‌కి ఈ చుట్టు అర్థం కాదు, దానికి త్వరగా చేర్చడమే ముఖ్యం. ఇంటర్‌లాకెన్ నుంచి ఇంటర్‌లాకెన్ అంటే నవ్వుకుంటుంది. అందుకని వరసగా ఈ స్టాపులు ఇవ్వండి: ఇన్నర్ట్‌కిర్షెన్, గ్రిమ్సెల్‌పాస్, గ్లెచ్, ఫుర్కాపాస్, ఆండర్‌మాట్, వాస్సెన్, సూస్టెన్‌పాస్, ఇంటర్‌లాకెన్. ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి. రోడ్డు నంబర్లు గుర్తుంటే ఫోన్ ఆగిపోయినా దారి తప్పరు: గ్రిమ్సెల్‌కు 6, ఫుర్కాకు 19, ఆండర్‌మాట్ నుంచి వాస్సెన్‌కు 2, సూస్టెన్‌కు 11.

బోర్డుల రంగులు కూడా తెలిసి ఉండాలి. నీలం మామూలు ప్రధాన రోడ్డు, ఆకుపచ్చ హైవే. ఇన్నర్ట్‌కిర్షెన్‌లో చుట్టు మొదలయ్యాక మీరు వెంబడించాల్సింది నీలం బోర్డుల్ని.

ఘాట్‌లో చేతులు, కాళ్లు

తిరుమల ఘాట్ నడిపిన ధైర్యంతో వచ్చేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడ ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఇక్కడ ఒకే రోడ్డు మీద రెండు వైపులా బండ్లు వస్తాయి.

హెయిర్‌పిన్‌కు ముందే, బండి నిటారుగా ఉండగానే వేగం తగ్గించి రెండో గేరులోకి రండి. మలుపు మధ్యలో క్లచ్ నొక్కొద్దు, బ్రేకు తొక్కొద్దు. చూపు బానెట్ మీద కాదు, మలుపు ముగిసే చోట ఉండాలి. చేతులు చూపు వెంటే వెళతాయి. కుడి హెయిర్‌పిన్‌లు బిగువుగా ఉంటాయి. అక్కడ మధ్యగీత దాటి ఎదుటివారి లేన్‌లోకి జారడం తరచూ జరిగే తప్పు, విరుగుడు నెమ్మదిగా వెళ్లడమే.

దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే డిస్కులు వేడెక్కి, కాలిన వాసన వచ్చి, పెడల్ మెత్తబడుతుంది. ఏ గేరులో ఎక్కామో దాదాపు అదే గేరులో దిగాలి. ఆటోమేటిక్‌లో ‘ఎమ్’, ‘ఎల్’ లేదా ‘బి’ పెట్టుకుని, మలుపుల ముందు మాత్రం గట్టిగా ఓసారి తొక్కి వదిలేయండి. వాసన వస్తే రోడ్డు పక్కన వెడల్పు చోట ఆపి ఇరవై నిమిషాలు ఆగండి, చక్రాల మీద నీళ్లు మాత్రం పోయొద్దు.

ఇరుకులో ఎదురుపడితే దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి. ఊళ్ల మధ్య తిరిగే పసుపు ప్రయాణికుల బస్సులకు, అంటే పోస్ట్‌బస్సులకు, మాత్రం ఈ రోడ్ల మీద రాజమర్యాద. నీలం బోర్డు మీద పసుపు బూర గుర్తున్న రోడ్డులో బస్సు డ్రైవరు చెయ్యి చూపించినట్టు మీరు జరగాలి, వెనక్కి వెళ్లమన్నా వెళ్లాలి. మలుపు అవతల మూడు స్వరాల హారన్ వినిపిస్తే అది బస్సే, మలుపుకి ముందే ఆగిపోండి.

వెనక స్థానికులు, మోటారుసైకిళ్లు తరుముతున్నట్టు వస్తారు. వేగం పెంచొద్దు. కుడి ఇండికేటరు వేసి వెడల్పు చోట ఆగి పంపేయండి, రెండు నిమిషాల పని.

ఉదయం 7:30: ఇంటర్‌లాకెన్ నుంచి గ్రిమ్సెల్

ట్యాంకు నింపుకుని బయలుదేరండి. కనుమల మీద బంకులు లేవు. ఇంటర్‌లాకెన్ 566 మీటర్ల ఎత్తులో ఉంది. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది కాబట్టి కింద 25 డిగ్రీలుంటే ఫుర్కా మీద 13, గాలి వేస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. స్వెట్టర్లు డిక్కీలో కాదు, సీటు మీద పెట్టుకోండి.

ఎ8 హైవే మీదుగా బ్రీంజ్ సరస్సు దాటి, మైరింగెన్ మీదుగా ఇన్నర్ట్‌కిర్షెన్‌కు నలభై నిమిషాలు. దారిలో ఆరె నది కోసిన ఆరెష్లుఖ్ట్ లోయ ఉంది. 1.4 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల రెండు గోడల మధ్య మీటరు వెడల్పే. చూడదగ్గదే, కానీ ఈ రోజు కాదు, మరో సగం రోజు పెట్టుకోండి. పైన హాండెగ్‌లో 106 శాతం వాలు ఉన్న గెల్మర్ ఫ్యునిక్యులర్ (తాడుతో లాగే కొండ రైలు) కూడా అంతే. అది నడుస్తుంటే ముందే స్లాటు బుక్ చేసుకోవాలి, రెండు మూడు గంటలు తినేస్తుంది. ఈ రెండిట్లో ఏది కలిపినా మూడో కనుమ పోయినట్టే.

ఇన్నర్ట్‌కిర్షెన్ నుంచి గ్రిమ్సెల్ శిఖరం 26 కిలోమీటర్లు, 1500 మీటర్ల పైచిలుకు ఎక్కుడు. రోడ్డు వెడల్పు, చేతికి అలవాటు పడటానికి సరైనది. గ్రానైట్ బండల మధ్య జలవిద్యుత్ ఆనకట్టలు వరసగా వస్తాయి. నీళ్లు పాలు కలిపినట్టు బూడిద ఆకుపచ్చగా ఉండటానికి కారణం హిమానీనదం నూరిన రాతిపిండి. మొదటి ఆగుడు గ్రిమ్సెల్ హాస్పిజ్ (ఒకప్పటి సత్రం) దగ్గర, ఇరవై నిమిషాలు. శిఖరం మీద టోటెన్‌జే అనే సరస్సు ఉంది. 1799లో ఫ్రెంచ్, ఆస్ట్రియా సేనలు ఇక్కడ పోరాడాయి. సరస్సు పక్కన విశాలమైన పార్కింగ్, టాయిలెట్లు ఉంటాయి.

శిఖరం దాటి రెండు మలుపులు దిగగానే ఆగండి. ఎదుటి కొండ మీద ఫుర్కాకు ఎక్కే రోడ్డు మడతలు మొత్తంగా కనిపించేది ఇక్కడి నుంచే. రెండు కనుమల మధ్య లోయలో ఉన్న గ్లెచ్‌కు దిగితే మళ్లీ కనిపించదు.

ఫుర్కా: జాగ్రత్త అవసరమైన భాగం

గ్లెచ్ నుంచి ఫుర్కాకు పది కిలోమీటర్లు. మధ్యలో మలుపు ఒడిలో మూతబడిన బెల్వెడేర్ హోటల్ వస్తుంది. దాని పక్కనే రోన్ హిమానీనదానికి దారి, టికెట్ ఉంటుంది. వేసవిలో మంచు కరగకుండా దానిమీద తెల్లటి దుప్పట్లు కప్పడం చూస్తారు. పందొమ్మిదో శతాబ్దంలో ఈ మంచు గ్లెచ్ లోయ అడుగు దాకా ఉండేది. ఇప్పుడు పైకి పాకిపోయి ముందొక సరస్సు మిగిలింది. మంచు గుహ తెరిచి ఉంటే లోపలికి వెళ్లొచ్చు, చెక్కలు తడిసి జారుతుంటాయి కాబట్టి చెప్పులు, చీర కుచ్చిళ్లతో ఇబ్బంది. ఈ చుట్టులో పొడవైన ఆగుడు ఇదే, గంట ఇవ్వండి. పదిన్నర దాటితే పార్కింగ్ నిండిపోతుంది. హోటల్ మలుపులోనే రోడ్డు మీద ఆపి ఫొటో తీసేవాళ్లను చూసి మీరూ ఆపొద్దు, రెండు వైపుల నుంచీ కనిపించని మలుపు అది.

ఫుర్కా శిఖరం నీటికి విభజన రేఖ. పడమటికి జారిన చుక్క రోన్‌లో కలిసి మధ్యధరా చేరుతుంది, తూర్పుకు జారినది రాయిస్, రైన్ నదుల మీదుగా ఉత్తర సముద్రానికి.

ఇక్కడి నుంచి రేఆల్ప్ ఊరి దాకా దిగుడు ఈ రోజు మొత్తంలో కష్టమైన పన్నెండు కిలోమీటర్లు. రోడ్డు సన్నబడుతుంది, కొన్నిచోట్ల మధ్యగీత లేదు, అంచున అడ్డుకి విడివిడి రాళ్లే. లోయ వైపు ఉన్నది మీరే. గంటకు 30, 40 చాలు. ఎత్తు భయం ఉన్నవారిని కుడి కిటికీ దగ్గర కూర్చోబెట్టకండి.

గ్లెచ్‌లోనే మబ్బు కమ్మేసినా, ధైర్యం చాలకపోయినా దారి ఉంది. కిందికి ఓబర్‌వాల్డ్ వెళ్లి కారుని రైలు మీదికి ఎక్కిస్తే 15 కిలోమీటర్ల పైచిలుకు ఫుర్కా సొరంగం గుండా రేఆల్ప్‌లో దించుతుంది. కారులోనే కూర్చుంటారు, గేరు వేసి హ్యాండ్‌బ్రేక్ పెట్టాలి.

మధ్యాహ్నం: ఆండర్‌మాట్

పన్నెండున్నరకు ఇక్కడికి రావాలి. హోటళ్లలో వేడి వంట సాధారణంగా రెండింటికి ఆగిపోతుంది, ఆ తర్వాత కేకు, కాఫీయే. శాకాహారులు రోష్టి (బంగాళదుంప వేపుడు) అడిగేటప్పుడు ‘ఓనే స్పెక్’ అనాలి, స్పెక్ అంటే పంది మాంసం. చీజ్ వేసిన రొట్టె కేజెష్నిట్టెలో కూడా షింకెన్, అంటే హామ్, దూరుతుంది. బార్లీ సూప్‌లో తరచూ మాంసం ముక్కలుంటాయి. అన్నిటికన్నా హాయి పొద్దున్నే కలుపుకొచ్చిన పులిహోర. ఊరి తొట్టెల్లో నీళ్లు తాగొచ్చు, ‘కైన్ ట్రింక్‌వాసర్’ అని రాసి ఉంటే తప్ప. ఆదివారం సూపర్‌మార్కెట్లు చాలావరకు మూసి ఉంటాయి.

పార్కింగ్ గీతలు తెల్లవైతే డబ్బు కట్టాలి, పసుపువి ప్రైవేటు. నీలం గీతల్లో గడియారం అట్ట పెడితే గంట ఉచితం. అట్టను వచ్చిన సమయానికి కాదు, తర్వాతి అరగంట గీతకు తిప్పాలి: 10:10కి వస్తే 10:30కి. 11:30 నుంచి 13:30 మధ్య వస్తే 14:30 దాకా ఉండొచ్చు.

భోజనం తర్వాత షోలెనెన్ లోయలో దయ్యం వంతెన, టాయిఫెల్స్‌బ్రుక్, చూడాలి. వంతెన దగ్గర పార్కింగ్ తక్కువ, ఆండర్‌మాట్‌లోనే కారు పెట్టి నడిచి వెళ్లండి. 1799లో ఫ్రెంచ్ సేనతో తలపడిన రష్యా సేనాని సువోరోవ్ సైన్యానికి రాతిలో చెక్కిన స్మారకం కూడా అక్కడే.

రెండున్నరకు కదలండి. గోషెనెన్ దగ్గర అందరూ చేసే తప్పు: నావిగేషన్ తడబడిన క్షణంలో ఆకుపచ్చ బోర్డు చూసి ‘గొట్‌హార్డ్’ వైపు ఎక్కేస్తారు. అది 16.9 కిలోమీటర్ల సొరంగం, మధ్యలో తిరగడం కుదరదు, అటువైపు ఐరోలోలో తేలతారు. వేసవిలో తిరుగు క్యూ గంటల లెక్క. నీలం బోర్డు మీద ‘వాస్సెన్’ కనిపిస్తేనే ముందుకు సాగండి.

సూస్టెన్: చివర్లో ఉంచింది అందుకే

వాస్సెన్‌లో ఎడమకు 11వ నంబరు రోడ్డు. శిఖరానికి 18 కిలోమీటర్లు, అటువైపు ఇన్నర్ట్‌కిర్షెన్‌కు 28. 1938 నుంచి 1945 దాకా కార్లను దృష్టిలో పెట్టుకుని కట్టిన రోడ్డు కాబట్టి మలుపులు సాఫీగా, వెడల్పుగా ఉంటాయి. అలసిన చేతులకు ఇది వరం. ఇబ్బంది ఒక్కటే, సాయంత్రపు ఎండ ఎదురుగా కళ్లలో పడుతుంది. అద్దం లోపలివైపు ముందే తుడుచుకోండి, సొరంగాల్లోకి వెళ్లేముందు చలువ కళ్లద్దాలు తీయండి.

శిఖరం దగ్గర 300 మీటర్ల పైచిలుకు సొరంగం. దాటగానే పార్కింగ్, ఎదురుగా స్టైన్ హిమానీనదం, కింద దాని సరస్సు. నలభై నిమిషాలు ఇక్కడే గడపండి. నాలుగున్నర లోపు ఇక్కడికి రాగలిగితే రోజు సరిగ్గా నడిచినట్టు.

పిల్లలకు కడుపులో తిప్పేది ఎక్కువగా ఈ దిగుడులోనే. ప్రోమెథజీన్ లాంటి మాత్ర డాక్టర్‌ని అడిగి, బయలుదేరే గంట ముందు ఇవ్వాలి. నిద్ర తెస్తుంది గనక డ్రైవరు దాని జోలికి పోకూడదు.

కుదించాల్సి వస్తే

పది దాటాక బయలుదేరితే మూడు కనుమల ఆశ వదిలేయండి. కొత్త డ్రైవరైతే సూస్టెన్ ఒక్కటే ఎక్కి అదే దారిన దిగి రావడం మంచి రోజే. హిమానీనదం ఎలాగూ ఈ వైపే ఉంది. ఆండర్‌మాట్‌లో ఉండగా సూస్టెన్ మూసేస్తే వాస్సెన్ నుంచి ఎ2 మీద ఉత్తరానికి లూసెర్న్ వైపు దిగి, బ్రూనిగ్ కనుమ మీదుగా ఇంటర్‌లాకెన్ రావచ్చు.

బండి ఆగిపోతే కుడి అంచుకి తీసి, హజార్డ్ లైట్లు వేసి, వెనక త్రికోణం పెట్టి, అందరూ రోడ్డు బయట నిలబడాలి. అద్దె సంస్థ ఇచ్చిన నంబరు ముందే ఫోన్‌లో ఎక్కించుకోండి. పోలీసు 117, అంబులెన్సు 144, ఏదీ గుర్తులేకపోతే 112.

కారు తిరిగి ఇచ్చే ముందు దగ్గర్లోని బంకులో నింపి రసీదు ఉంచుకోండి. పెట్రోలు గన్ను మీద ‘బ్లైఫ్రై’ అని ఉంటుంది, డీజిల్‌ని డీజిల్ అనే రాస్తారు. మూత లోపలి గుర్తుతో సరిపోల్చాకే పట్టండి. డిపాజిట్ విడుదలకు రెండు మూడు వారాలు పట్టొచ్చు. వేగం జరిమానా ఉంటే కొన్ని వారాల తర్వాత అద్దె సంస్థ ముందు తన రుసుము కోసుకుంటుంది. అది జరిమానా కాదు, మీ చిరునామా పోలీసులకు ఇచ్చినందుకు ఖర్చు మాత్రమే. అసలు నోటీసు ఇంటికి విడిగా వస్తుంది, దాన్నీ గడువులోగా కట్టాలి.